నీళ్ళ నడుమ నిలిచిన కోట

విజయవాడ వారికి ఆదివారం పొద్దుపోకపోతే కృష్ణలో భవానీ ద్వీపం వుంది. పడవెక్కి కాసేపు కూర్చుంటే చాలు, ఊరి రొద వెనకబడిపోతుంది. కాకినాడ వారికి సముద్రంలో హోప్ దీవి వుంది. కోనసీమ వారి సంగతి చెప్పనే అక్కరలేదు. పెరటి తలుపు తీస్తే వారికి లంకే కనిపిస్తుంది. ఇక మన పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వాళ్ళ మాటేమిటి? మన పెన్నేట్లో నీళ్ళ రోజులకన్నా ఇసుక రోజులే ఎక్కువ. ఇసుకలో దీవి ఏమిటని మీరు నవ్వవచ్చు. నవ్వకండి. మనకూ ఒక దీవి వుంది. దాని పేరు గండికోట.

పటంలో చూస్తే అది దీవి కాదు నిజమే. పెన్నకు దక్షిణపుటొడ్డున, ఎర్రమల కొండల మీద వున్న దుర్గం. కాని అక్కడికి పోయి నిలబడితే తెలుస్తుంది. పడమర నుంచి ఉత్తరానికి వంపు తిరిగి పెన్న పారుతుంటుంది. ఆ వైపులలో కాలు ముందుకు వేయడానికి లేదు. మూడువందల అడుగుల లోతున ఏరు. మిగిలిన వైపు ఎర్రరాతి కోటగోడ. ఆ గోడ దాటి లోపలికి అడుగుపెట్టామా, బయటి లోకంతో సంబంధం తెగిపోయినట్టే. దీవి కావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

దసరా సెలవుల్లో ఒకనాడు మేము ఇంటిల్లిపాదీ అక్కడికి బయలుదేరాము. ఇంటిల్లిపాది అంటే నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ, హైదరాబాదు నుంచి వచ్చిన మా బామ్మర్ది. బామ్మర్దికి అప్పటికే ఆ చోటు సంగతంతా తెలుసు. చేతిలో వున్న ఫోను చెప్పింది. "బావా, అది ఇండియా గ్రాండ్ కాన్యన్. మీరు ఇక్కడుండి చూడకపోవడం అన్యాయం" అన్నాడు. మా అమ్మ మాత్రం, "కూలిపోయిన గోడలు చూసేదానికి ఇంత దూరం పోవల్నా నాయనా? గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోతే పున్నెమైనా వస్తుంది కదా" అంది. అది వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండను చీల్చుకొని వచ్చే గండి. "ఇదీ గండేలేమ్మా, ఇక్కడ గూడా దేవుడి గుళ్ళున్నాయి" అని సర్దిచెప్పాను. గుళ్ళున్నాయన్న మాట వినగానే ఆమె మాకన్నా ముందు తయారైంది.

చిత్రాన్నం, పెరుగన్నం, ముందురోజు చేసిన ఓళిగలు డబ్బాలకెత్తారు. మా తోటలో కాచిన చీనీకాయలు ఒక సంచినిండా అమ్మ తానే ఏరి పెట్టింది. బస్సులో ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరి, అక్కడ ఒక ఆటో మాట్లాడుకొని కోటకు పోవాలని మా ఏర్పాటు. సొంత బండి వున్నవారికి పులివెందుల నుంచి ఇది సుమారు రెండు గంటల ప్రయాణం.

ఆ దారి గూడా చూడదగ్గదే. పులివెందుల వదిలిన తర్వాత కొంతదూరం చీనీతోటలు, అరటితోటలు. ముద్దనూరులో రైలుకట్ట దాటుతాము. మద్రాసు నుంచి బొంబాయికి పోయే పాత దారి అది. జమ్మలమడుగు దగ్గరపడే కొద్దీ నేల రంగు మారిపోయి నల్లరేగడి వస్తుంది. శీతకాలంలో అయితే ఆ రేగడి మీద కనుచూపుమేర శనగపైరే. దారిపక్క మిద్దెల అరుగులు, ప్రహరీలు, ఆఖరికి పశువుల తొట్లు గూడా నాపరాళ్ళే. రాయికి కరువులేని సీమ మనది.

జమ్మలమడుగు నుంచి కోట పదిహేను కిలోమీటర్లు. చివరికి కొండెక్కుతాము. ఎక్కిన తర్వాత కొండ మీద వున్నట్టు అనిపించదు. బల్లపరుపుగా, ఎర్రగా, ముళ్ళపొదలతో మామూలు బీడులాగా వుంటుంది. ఇంతలో హఠాత్తుగా గోడ. చెక్కిన ఎర్రరాళ్ళను ఒకదానిమీదొకటి పేర్చి, నడుమ నడుమ బురుజులు కట్టి, కొండ అంచుదాకా లాక్కొనిపోయారు. ద్వారం నేరుగా వుండదు. ఒక మలుపు తిరిగి, ఇంకొక మలుపు తిరిగి లోపలికి పోవాలి. ఏనుగులతో తలుపులు గుద్దించేందుకు శత్రువుకు జాగా ఇవ్వకుండా పెద్దలు చేసిన యుక్తి అది. మా ఆటో ఆ మలుపుల్లో పడుతున్న అవస్థ చూస్తే ఏనుగు సంగతి చెప్పకుండానే అర్థమైంది.

కోటలోపల ఊరుంది. చాలామంది ఈ సంగతి తెలియక పోతారు. పాడుపడిన కోట అనుకొని పోతే, వాకిట కల్లాపి చల్లే ఆడవాళ్ళు, గోడనీడన కట్టేసిన గొర్రెపిల్లలు, బడికి పోయే పిల్లలు కనిపిస్తారు. వీధి పక్కనే ఒక చిన్న నాలుగు మూలల గోపురం. దాన్ని చార్మినారనీ, పావురాల గోపురమనీ పిలుస్తారు. కొంచెం ముందుకు పోతే మాధవరాయస్వామి గుడి గోపురం. మా అమ్మ చెప్పులు విడిచి, కొంగు భుజాన కప్పుకొని గబగబా లోపలికి నడిచింది. మండపం స్తంభాలమీది శిల్పాలు చూస్తూ మేము వెనకబడ్డాము. అంతలోనే ఆమె వెనుదిరిగి వచ్చింది.

"లోపల స్వామి లేడు కదా నాయనా!" అంది.

లేడు. గర్భగుడి ఖాళీ. దీపం లేదు, గంట లేదు. రంగనాథుని గుడి గూడా అంతే. పురావస్తుశాఖవారు రాళ్ళు సరిచేసి, కూలిన చోట నిలబెట్టి, కాపలా పెట్టారు కాబట్టి గుడి నిలిచింది. అమ్మ ఆ ఖాళీ గడప ముందే రెండు చేతులూ జోడించి, "ఉన్నప్పుడు చేసిన పూజలు యాడికీ పోవులే" అనుకుంటూ ప్రదక్షిణ చేసింది.

ఈ కోటకు కథ పెద్దది. మెకంజీ దొర వ్రాయించిన కైఫీయత్తులలో గండికోటదీ ఒకటుంది. పన్నెండవ శతాబ్దంలో కాకరాజు అనే సామంతుడు ఇక్కడ తొలుత కోట కట్టాడని ఆ కైఫీయత్తు కథనం. ఆ తర్వాత విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. వారిలో రామలింగ నాయకుడు కృష్ణదేవరాయల కొలువులో పేరుమోసిన సేనాని. విజయనగరం పడిపోయిన తర్వాత గూడా చాలా ఏళ్ళు ఈ నాయకులు కోటను కాపాడుకున్నారు. చివరికి 1650 ప్రాంతంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఈ మీర్ జుమ్లా పారసీకదేశం నుంచి వచ్చి వజ్రాల వ్యాపారంతో పైకి వచ్చినవాడు. ప్రొద్దుటూరు బంగారు వర్తకులు వింటే సంతోషిస్తారు: మన సీమలో రత్నాలు ఎరిగినవారికి అప్పుడు గూడా గౌరవమే!

ఆ కారణంగానే 1652లో ఒక ఫ్రెంచి రత్నవర్తకుడు ఇంతదూరం వచ్చాడు. పేరు టావెర్నియర్. తెచ్చిన సరుకు మీర్ జుమ్లాకు చూపడం అతని పని. కోటను గురించి ఆయన వ్రాసిపెట్టాడు. కింద ఏరు, చుట్టూ లోయలు, కొండమీద ఊటనీటితో వరి, జొన్నవంటి పైర్లు పండే పొలాలు వున్నాయన్నాడు. ఇంకొక సంగతి గూడా చెప్పాడు. మీర్ జుమ్లా దగ్గర ఫిరంగులు పోత పోసే ఫ్రెంచివాడొకడు వుండేవాడట. లోహం కోసం చుట్టుపక్కల గుళ్ళలోని విగ్రహాలు తెప్పించి కరిగించారట. గండికోట గుడిలోని విగ్రహాలు కొన్ని మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట! ఈ చివరిమాట మా అమ్మకు చెబితే, ఆమె ముఖం అప్పటికి విప్పారింది. "కరగరు. ఎందుకు కరుగుతారు?" అంది.

గుడికి కాస్త దూరంలోనే జామియా మసీదు. లోపలి ముంగిలి చుట్టూ వరుసగా కమానులు, రెండు చిన్న మీనారులు. మసీదు పక్కనే పెద్ద ధాన్యపు కొట్టు. ముట్టడి పడితే నెలల తరబడి తినడానికి గింజలు నిలువచేసిన చోటు అది. లోపలికి పోయి మా చిన్నవాడు "ఓ" అని కేక వేస్తే ఆ కేక తిరిగి తిరిగి వచ్చింది. ఒక కోట నిలవాలంటే గోడ ఒక్కటే చాలదు. గింజ వుండాలి, నీరు వుండాలి. కొట్టుకు దగ్గరలో కత్తుల కోనేరు, కొంచెం ఎడంగా రాయలచెరువు వున్నాయి. కింద అంత పెద్ద ఏరు పారుతున్నా పైనున్నవారు వానచుక్క పట్టుకొని చెరువు నింపుకున్నారంటే, ఏటి నీరు చూడడానికే గాని తాగడానికి అందేది కాదన్నమాట.

మసీదు దాటి రాళ్ళమీద కొంత నడిస్తే గండి.

నడిచే దారిలో ఏమీ కనిపించదు. పెద్ద పెద్ద ఎర్రబండలు, వాటి మధ్య సందులు. ఆ బండలమీదికి ఎక్కుతాము. ఎక్కగానే ముందు నేల లేదు. కత్తితో కోసినట్టు కొండ రెండుగా చీలి, అవతలి గోడ పలకలు పలకలుగా పేర్చినట్టు నిలబడి, అడుగున ఆకుపచ్చని నీరు కదలకుండా వుంటుంది. పిల్లలు మాట్లాడడం మానేశారు. మా ఆవిడ వాళ్ళిద్దరి చొక్కాలూ వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. అక్కడ కమ్మీ లేదు, గోడ లేదు. ఈ జాగ్రత్త అందరు తల్లులకూ చెబుతున్నాను.

బామ్మర్ది ఫోటోలు తీస్తూ మళ్ళీ గ్రాండ్ కాన్యన్ మాట ఎత్తాడు. అమెరికాలోని ఆ లోయ మైలుకు పైగా లోతు, నాలుగువందల కిలోమీటర్లకు పైగా పొడవు. మన గండి దానిముందు పసిబిడ్డ. పసిబిడ్డను పట్టుకొని పహిల్వాను అనడం ఎందుకు? దాని అందం వేరు. ఇక్కడ అవతలి ఒడ్డు మనకు దగ్గర. అక్కడి కొండగొర్రె కాలుజారితే రాలిన రాయి శబ్దం ఇక్కడ వినవచ్చు. ఈ రాయికి భూగర్భ శాస్త్రజ్ఞులు గండికోట పేరే పెట్టుకున్నారు. వందకోట్ల ఏళ్ళకు పైగా వయసున్న రాయి. అంత గట్టి రాయిని నందికొండల దగ్గర పుట్టిన ఒక బక్క ఏరు కోసుకుంటూ వచ్చింది. పెన్నను చూసి ఇసుక ఏరని నవ్వేవారు ఒకసారి ఇక్కడికి రావాలి.

నీడపట్టున ఒక బండమీద కూర్చొని అన్నాలు తింటున్నాము. గొర్రెలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చి, మమ్మల్ని చూసి ఆగాడు. తలపాగా, చేతిలో కర్ర, భుజాన గొంగడి.

"ఏ ఊరు నాయనా మీది?"

"పులివెందుల, పెద్దాయనా."

ఆయన నవ్వాడు. "అట్లయితే మా నీళ్ళు తాగేటోళ్ళే."

నాకు ఆ మాట అర్థమైంది. మా ఆవిడకూ అర్థమైంది. చేతిలో ముద్ద అలాగే ఆపింది. బామ్మర్దికి మాత్రం చెప్పవలసి వచ్చింది.

కోటకు ఎగువన, పెన్నకు అడ్డంగా గండికోట జలాశయం కట్టారు. దిగువన మైలవరం కట్ట. ఈ రెండు కట్టల నడుమ ఈ గండి. ఎగువ జలాశయంలోకి వచ్చే నీళ్ళు పెన్నవి మాత్రమే కావు. శ్రీశైలంలో కృష్ణ వరదనీరు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలో పడి, గోరకల్లు, అవుకు దాటి, కొండల కింద సొరంగాలలో ప్రయాణంచేసి ఇక్కడికి చేరుతుంది. గాలేరు-నగరి పథకం అంటే ఇదే. ఇక్కడినుంచి ఎత్తిపోసి పైడిపాళెం చెరువుకూ, పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయానికీ పంపుతారు. ఆ నీళ్ళే మా పులివెందుల చీనీతోటలకు ప్రాణం. ఒకప్పుడు మా దిక్కున వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము లేచేది. ట్యాంకర్లతో నీళ్ళు తెచ్చి, చెట్టుకు ఇన్ని బిందెలని పోసి బ్రతికించుకున్న రైతులలో మా నాయన ఒకరు. నిలుపుకోలేక పదేళ్ళ చెట్లను గొడ్డలికి అప్పగించినవారు మా వీధిలోనే వున్నారు.

జలాశయంలో 26.85 టి.ఎం.సి. నీరు పట్టాలంటే పల్లం నిండాలి గదా. ఆ పల్లంలో కొండాపురం చుట్టుపట్ల ఇరవైకి పైగా ఊళ్ళున్నాయి. ఒక్కొక్క విడతగా అవి మునిగాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి పెద్ద ఊరే ఖాళీ అయింది. ఈ ముసలాయనది అటువంటి ఊళ్ళలో ఒకటి. ఇప్పుడు వేరేచోట కట్టిన కాలనీలో కొడుకు దగ్గర వుంటున్నాడు. కూతురిని ఈ కోట ఊళ్ళో ఇచ్చాడు. కాలనీలో గొర్రెలకు మేత లేదని మందను ఇక్కడికి తెచ్చుకున్నాడు.

"ఇల్లు ఇచ్చినారా పెద్దాయనా?" అని అడిగాను.

"ఇచ్చినారు. దుడ్లు ఇచ్చినారు. లేదంటే పాపం. అయితే నాయనా, ఇల్లయితే కట్టుకోవచ్చు, ఊరు కట్టుకోలేం కదా. ఒకే ఊరోళ్ళం మూడు దిక్కులైనాం. పీర్ల పండగకు గుండం తవ్వే జాగా ఒకటుండె. మా జేజి నాటిన చింతమాను ఉండె. ఎండకాలం నీళ్ళు దిగితే మిద్దెల మొండిగోడలు బయట పడతాయి. మా కొడుకు చూసేదానికి పోడు. నేను పోతాను."

ఎవరమూ ఏమీ అనలేదు. ఆయన్ను ఓదార్చడానికి మాకు నోరెక్కడిది? ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"మీ దిక్కు చీనీచెట్లు బాగుండాయా?"

"బాగున్నాయి పెద్దాయనా. ఈ రెండు మూడేండ్లుగా కాపు బాగుంది."

"ఉండనీ. నీళ్ళు ఊరికే పోలేదు కదా."

మా అమ్మ అప్పటిదాకా వింటూ వుంది. సంచిలోనుంచి చీనీకాయలు తీసి ఒడినిండా ఆయన గొంగట్లో పోసింది. రెండు ఓళిగలు ఆకులో పెట్టి ఇచ్చింది. "మీ నీళ్ళతో కాసినవే అన్నా, తినండి" అంది. ఆయన ఒక కాయ తీసుకొని, గోటితో తొక్క గిల్లి, వాసన చూసి, తిరిగి మూటలో పెట్టుకున్నాడు. "మనవరాలికి" అన్నాడు. గొర్రెలు అప్పటికే ముందుకు సాగిపోయాయి. వాటి వెనకే పోయాడు.

ఆ తర్వాత గండిని చూస్తే అది ముందు చూసిన గండిలాగానే వుంది. అదే ఎండ, అదే ఆకుపచ్చ నీరు. కాని మా పెద్దపిల్ల అడిగిన ప్రశ్న మాత్రం ముందు ఎవరికీ తోచలేదు. "నాయనా, కోట ఎందుకు మునగలేదు?" అంది. ఎత్తున వుంది కాబట్టి మునగలేదు. నాయకులు శత్రువుకు అందకూడదని ఎత్తు చూసుకొని కట్టారు. ఆ ఎత్తే ఇవాళ నీటినుంచి గూడా కాపాడింది. సేద్యం చేసేవాడు ఎత్తుకు పోడు. నేల మెత్తగా, నీరు దగ్గరగా వుండే పల్లం చూసుకొని ఊరు కట్టుకుంటాడు. ఎత్తున వున్నది దీవి అయింది, పల్లాన వున్నది చెరువు అయింది. పిల్లకు ఇంతే చెప్పాను. న్యాయం గురించి అడిగివుంటే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు.

గండికోట పోదలచినవారికి నాలుగు మాటలు. కార్తికం నుంచి మాఘం దాకా మంచి కాలం. వేసవిలో ఆ రాతిమీద పాదం మోపలేరు. తెల్లవారుజామునగాని, సాయంత్రం నాలుగు దాటిన తర్వాతగాని గండి దగ్గరికి పొండి. అప్పుడే రాయి అసలైన ఎరుపు చూపుతుంది. రాత్రి వుండదలిస్తే పర్యాటకశాఖవారి బస వుంది, గుడారాలు అద్దెకిచ్చేవారూ వున్నారు. తాగేనీళ్ళు, తినుబండారాలు జమ్మలమడుగులోనే కొనుక్కోవడం మేలు. కాగితాలు, సీసాలు బండల సందుల్లో పారవేయకండి. ఆ ఊళ్ళో మనుషులు కాపురముంటున్నారు. పిల్లల చెయ్యి వదలకండి.

ఇంకొక్క మాట. గండి చూడగానే తిరుగుముఖం పట్టకండి. వీలుచూసుకొని ఎగువన జలాశయం దాకా గూడా పోయి రండి. అక్కడ ఫోటోకు తగిన కొండ లేదు, చెప్పుకోవడానికి రాజుల కథ లేదు. వట్టి నీళ్ళు. ఆ నీళ్ళకేసి పొలిమేర ఎక్కడ, గుడి ఎక్కడ, చింతమాను ఎక్కడ అని కాసేపు చూడండి. మేము పోయేసరికి పొద్దు వాలుతోంది. మా అమ్మ సంచి అడుగున మిగిలిన చీనీకాయ ఒకటి తీసి, ఎవరికీ చెప్పకుండా నీళ్ళలో వేసింది. పున్నెం కోసమా అని మా ఆవిడ అడిగితే, "కాదమ్మా, బాకీ" అంది.